మా ఆయన ఆ మాత్ర ఎప్పటికి మానతారు?

ప్రశ్న: మా ఆయన వయసు 36. నాలుగేళ్ల క్రితం వెన్నుకు ఆపరేషన్ అయింది. నొప్పికి రాసిచ్చిన ఓపియాయిడ్ (నల్లమందు జాతి) మాత్రలు అలవాటైపోయి, చివరికి ఇంజెక్షన్ల దాకా వెళ్లింది. రెండుసార్లు డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్చాం. రెండుసార్లూ పూర్తిగా మానేసి వచ్చారు, నెల తిరక్కుండానే మళ్లీ మొదలుపెట్టారు. రెండోసారి స్పృహ తప్పి ఐసీయూలో ఉన్నారు. ఆర్నెల్లుగా సైకియాట్రిస్ట్ బ్యూప్రెనార్ఫిన్, నాలోక్సోన్ కలిసిన మాత్ర ఇస్తున్నారు, నాలుక కింద పెట్టుకుంటారు. ఇప్పుడు ఉద్యోగానికి వెళ్తున్నారు, మూడేళ్ల పాపతో ఆడుకుంటున్నారు. మా బావగారు మాత్రం ‘ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చింది, గట్టిగా నిలబడి ఆపించాలి’ అంటున్నారు. మత్తు లేని ఇంజెక్షన్ ఏదో ఉందట, అది వేయిద్దాం అని కూడా అంటున్నారు. ఈ మాత్రతో పళ్లు పుచ్చిపోతాయని, లివర్ దెబ్బతింటుందని విన్నాం. నిద్ర పట్టడం లేదని ఆయన ఈ మధ్య పాత నిద్రమాత్ర కూడా వేసుకుంటున్నారు. అసలు ఈ మాత్ర ఎన్నాళ్లు వాడాలి? ఎలా ఆపాలి? రెండో బిడ్డ గురించి ఆలోచించొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
– పేరు వద్దని కోరిన పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నలన్నిటికీ వస్తాను. ముందు మీరు మాటవరసకు రాసి వదిలేసిన నిద్రమాత్ర సంగతి చూద్దాం, ఎందుకంటే తొందర పడాల్సింది దాని విషయంలోనే. అది అల్ప్రాజోలం, క్లోనజెపాం, డయాజెపాం లాంటిదైతే బ్యూప్రెనార్ఫిన్‌తో కలిపి వేసుకోవడం చాలా ప్రమాదం. రెండూ ఊపిరిని నడిపించే మెదడు భాగాన్ని మందగింపజేస్తాయి. విడివిడిగా తట్టుకోగలిగిన మోతాదులే కలిసినప్పుడు నిద్రలో ఊపిరి ఆగేదాకా తీసుకుపోవచ్చు. మద్యం కలిసినా ఇదే కథ. ఫ్రాన్స్‌లో ఈ మందు విరివిగా వాడకంలోకి వచ్చిన మొదటి సంవత్సరాల్లో, బ్యూప్రెనార్ఫిన్ వాడుతూ చనిపోయినవాళ్లను పరీక్షిస్తే ఎక్కువమంది ఒంట్లో ఈ రకం నిద్రమాత్రలు కూడా దొరికాయి.

అలాగని ఈ రాత్రే ఆ మాత్ర లాగేసుకోకండి. వారాల తరబడి రోజూ వేసుకుంటున్న మనిషికి ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. రేపు పొద్దున్నే డాక్టరుకు ఫోన్ చేసి మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నాళ్లుగా, రోజుకెన్ని అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి. తెలిస్తే అసలు మందే ఆపేస్తారేమోనని చాలామంది దాస్తారు. ఆ భయం అక్కర్లేదు. ఇలాంటి మాత్రలు వాడుతున్నారన్న ఒక్క కారణంతో ఈ చికిత్సను నిరాకరించవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే డాక్టర్లకు స్పష్టంగా చెప్పింది. రెండూ కలిస్తే ప్రమాదమే. చికిత్స లేకుండా వదిలేస్తే జరిగే ప్రమాదం ఇంకా పెద్దది. కాబట్టి నిద్రమాత్రను నెమ్మదిగా తగ్గించే దారి వెతుకుతారు. నిద్ర ఎందుకు పట్టడం లేదో కూడా చూస్తారు. డోసు చాలక తెల్లవారుజామున ఒళ్లు లాగడం మొదలవుతోందా, పాత వెన్నునొప్పి లేపుతోందా, మనసులో దిగులేమైనా ఉందా అన్నదాన్ని బట్టి మందు మారుతుంది. వెన్నునొప్పే కారణమైతే ఒక చిన్న సర్దుబాటు పనికొస్తుంది. బ్యూప్రెనార్ఫిన్ మత్తు మీది కోరికను ఒక రోజు పైగా అణచిపెడుతుంది గానీ నొప్పిని తగ్గించే గుణం ఆరేడు గంటలకే సన్నగిల్లుతుంది. అందుకని అదే మోతాదును రెండు మూడుసార్లుగా విడదీసి ఇస్తుంటారు. అది డాక్టరు చేయాల్సిన మార్పు, మీరు చేసేది కాదు.

ఇక బావగారి మాట. ఆయన అన్నదాంట్లో కొంత నిజముంది, అది ఒప్పుకోకుండా ముందుకు పోతే మీరు చెప్పేది ఆయన వినరు. బ్యూప్రెనార్ఫిన్ కూడా ఓపియాయిడే. ఆర్నెల్లు వాడిన శరీరం దానికి అలవాటు పడింది. రేపు ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఆవలింతలు, కళ్లలో ముక్కులో నీళ్లు, రోమాలు నిక్కబొడుచుకోవడం, విరేచనాలు, కాళ్లు ఒకచోట పెట్టలేనంత అలజడి మొదలవుతాయి. దీన్ని అమ్ముకునేవాళ్లూ ఉన్నారు, కరిగించి సూదితో ఎక్కించుకునేవాళ్లూ ఉన్నారు. అలవాటు లేని మనిషి వేసుకుంటే మత్తు ఇస్తుంది కూడా. ఇవన్నీ నిజాలే.

కానీ బావగారు చూడనిది మీరు రోజూ చూస్తున్నారు. మీరు రాయకపోయినా పాత రోజులు ఎలా గడిచాయో ఊహించగలను. పొద్దున లేవగానే ఒళ్లు నొప్పులు, మందు ఎక్కడ దొరుకుతుందన్న వెతుకులాట, డబ్బు కోసం ఏదో ఒక అబద్ధం, తర్వాత నాలుగు గంటల మత్తు, మళ్లీ మొదటికి. ఇప్పుడు పొద్దున పది నిమిషాలు నాలుక కింద మాత్ర పెట్టుకుని ఆఫీసుకు వెళ్తున్నారు. పాపతో ఆడుకుంటున్నారని మీరే రాశారు. మాత్ర మీద ఆధారపడటం ఒకటే అయినా మనిషి జీవితం ఒకటిలా లేదు. డాక్టర్లు చూసేది కూడా దీన్నే. పనీ ఇల్లూ డబ్బూ ఆరోగ్యమూ ఏమవుతున్నా సరే మందు కోసం పరుగెత్తడం ఆగిందా లేదా అని అడుగుతారు.

ఈ తేడా ఎందుకు వస్తుందో కొంచెం చెప్పుకుందాం. నొప్పి మాత్రలైనా, మార్ఫిన్ అయినా, హెరాయిన్ అయినా మెదడులో ఒకే రకం గ్రాహకాల మీద పనిచేస్తాయి. వాటిని కుర్చీలనుకోండి. హెరాయిన్ లాంటివి వచ్చి కూర్చుని గోలగోల చేసి కొన్ని గంటల్లో లేచిపోతాయి. కుర్చీలు ఖాళీ అయ్యాక ఒళ్లు లాగడం, కోరిక మొదలు. బ్యూప్రెనార్ఫిన్ వచ్చి కూర్చుంటే ఒక పట్టాన లేవదు, కూర్చుని గోలా చేయదు. గ్రాహకాన్ని సగమే పనిచేయిస్తుంది. అందుకని అలవాటున్న మనిషికి మత్తెక్కదు, ఒళ్లూ లాగదు, పైన ఇంకో ఓపియాయిడ్ వేసుకున్నా దానికి పెద్దగా చోటుండదు. ఇంకో మేలు, ఇది ఊపిరిని మందగింపజేయడం ఒక హద్దు దాకానే పెరుగుతుంది, డోసు పెంచినకొద్దీ పెరుగుతూ పోదు. నిద్రమాత్రలు గానీ మద్యం గానీ కలిస్తే ఆ హద్దు చెదిరిపోతుంది. అందుకే మొదట ఆ విషయం ఎత్తాను.

మాత్రలో నాలోక్సోన్ ఎందుకు కలిపారన్న అనుమానం కూడా చాలామందికి ఉంటుంది. అది ఓపియాయిడ్లకు విరుగుడు. నాలుక కింద పెట్టుకుంటే అది ఒంటికి పెద్దగా పట్టదు, ఉన్నా లేనట్టే. ఎవరైనా కరిగించి సూదితో ఎక్కించుకుంటే మాత్రం విత్‌డ్రాయల్ (మందు ఆపితే వచ్చే ఆ బాధలన్నీ) తెచ్చిపెట్టవచ్చు. దుర్వినియోగానికి అదొక అడ్డు. పూర్తిగా ఆపలేదు గానీ తగ్గిస్తుంది.

కుర్చీల సంగతిలోనే ఒక చిక్కు కూడా ఉంది. ఇది మీకు ముఖ్యం. ఒంట్లో ఇంకో ఓపియాయిడ్ నిండుగా ఉన్నప్పుడు బ్యూప్రెనార్ఫిన్ వేసుకుంటే అది వాటన్నిటినీ ఒక్కసారిగా లేపేసి కూర్చుంటుంది. అరగంట, గంటలోనే భరించలేని విత్‌డ్రాయల్ వచ్చిపడుతుంది. అందుకే మొదలుపెట్టేటప్పుడు చివరి డోసు తర్వాత మామూలుగా 12 నుంచి 24 గంటలు ఆగి, ఆవలింతలు, చెమటలు లాంటి లక్షణాలు కనిపించాకే మొదటి మాత్ర ఇస్తారు. మెథడోన్ (ఈ చికిత్సలోనే వాడే మరో ఓపియాయిడ్) లాంటివి వాడిన మనిషికి ఇంకా ఎక్కువ ఆగాలి. రేపెప్పుడైనా ఆయన జారిపడి కొన్నాళ్లు మాత్ర మానేసి పాత మందు తీసుకున్నారనుకోండి. కంగారుపడి మీరు వెంటనే నాలుక కింద ఈ మాత్ర పెట్టకండి. డాక్టరుకు ఫోన్ చేసి ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో అడగండి. అలా ఒకసారి దెబ్బతిన్నవాళ్లు ‘ఈ మందు నాకు పడదు’ అని శాశ్వతంగా దూరమవుతుంటారు.

‘గట్టిగా నిలబడి ఆపించడం’ అన్నది మాత్రం నేను ఒప్పుకోలేను. మీ ఇంట్లో అది రెండుసార్లు జరిగింది, రెండోసారి ఐసీయూ దాకా వెళ్లింది. ఎందుకలా జరిగిందో ఎవరైనా మీకు చెప్పారో లేదో. కొన్ని వారాలు పూర్తిగా మానేసిన శరీరం ఓర్చుకునే శక్తి పోగొట్టుకుంటుంది. మనిషి గుర్తుపెట్టుకున్నది మాత్రం పాత డోసే. ఒకప్పుడు తట్టుకున్న మోతాదే ఇప్పుడు ఊపిరి ఆపేస్తుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్లను గమనించి 2007లో ఒక అధ్యయనం అచ్చయింది. బయటికి వచ్చిన మొదటి రెండు వారాల్లో వాళ్లు ఓవర్‌డోసుతో చనిపోయే అవకాశం మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు ఉంది. లోపల మందు దొరకక మానేసి బయటికి వచ్చినవాళ్లున్న గుంపు అది. మానిపించి పంపడమే చికిత్స అనుకునేవాళ్లు ఈ అంకె ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

స్వీడన్‌లో 2003లో వెలువడిన చిన్న అధ్యయనం ఒకటుంది. నలభైమంది మీద చేసింది. అందరికీ కౌన్సెలింగ్ గట్టిగా ఇచ్చారు. ఇరవైమందికి రోజూ 16 మిల్లీగ్రాముల బ్యూప్రెనార్ఫిన్ ఏడాదిపాటు ఇచ్చారు. మిగతా ఇరవైమందికి అదే మందును ఆరు రోజుల్లో తగ్గించి ఆపేసి, ఆపైన ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి మందు కొనసాగినవాళ్లలో నూటికి 75 మంది చికిత్సలో ఉన్నారు. ఉత్తుత్తి మాత్ర గుంపులో ఒక్కరూ మిగల్లేదు, నలుగురు చనిపోయారు. కౌన్సెలింగ్ రెండు గుంపులకీ ఒకటే అన్నది మర్చిపోకండి. మనోబలం ఉంటే చాలు, మందెందుకు అనేవాళ్లకు ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు.

పెద్ద లెక్కలూ ఉన్నాయి. లక్షమందికి పైగా రోగుల వివరాలు కలిపి చూసి 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన సమీక్ష ప్రకారం, వెయ్యిమందిని ఏడాదిపాటు చూస్తే మెథడోన్ తీసుకుంటున్న కాలంలో సుమారు 11 మంది, మానేసిన కాలంలో 36 మంది చనిపోతున్నారు. బ్యూప్రెనార్ఫిన్ విషయంలో ఆ అంకెలు నాలుగు, తొమ్మిదిన్నర. చికిత్స నుంచి బయటపడ్డ మొదటి నాలుగు వారాలు మరీ గడ్డుకాలం. ఫ్రాన్స్ 1990ల మధ్యలో మామూలు డాక్టర్లు కూడా బ్యూప్రెనార్ఫిన్ రాయవచ్చని అనుమతిచ్చాక, నాలుగేళ్లలో ఓవర్‌డోసు మరణాలు దాదాపు 80 శాతం తగ్గాయి. ఆ ఘనతంతా ఈ మందుదే అనను, శుభ్రమైన సూదులు ఇవ్వడం లాంటి పనులూ అప్పుడే జరిగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో మెథడోన్‌నీ బ్యూప్రెనార్ఫిన్‌నీ అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

ఇక నష్టాలు. పళ్ల మాట నిజమే. నోట్లో కరిగే బ్యూప్రెనార్ఫిన్‌తో పళ్లు పుచ్చడం, చిగుళ్ల జబ్బులు వస్తున్నాయని ఎఫ్‌డీఏ 2022 జనవరిలో హెచ్చరించింది. అంతకుముందు పళ్ల సమస్య లేనివాళ్లకూ వచ్చింది. దానికి పరిష్కారం మందు మానడం కాదని కూడా అదే హెచ్చరికలో ఉంది. మాత్ర వేసుకునే పద్ధతి చాలామందికి ఎవరూ సరిగా చూపించరు కాబట్టి చెప్తాను. ముందు ఒక గుక్క నీళ్లు తాగి నోరు తడి చేసుకోవాలి, ఎండిన నోట్లో మాత్ర కరగదు. మాత్రను నాలుక కింద పెట్టి, నమలకుండా, చప్పరించకుండా, మాట్లాడకుండా ఉండాలి. ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. మింగేస్తే మందు చాలావరకు వృథా, ఎందుకంటే కడుపులోంచి లివర్ దాటేలోపే నిర్వీర్యమైపోతుంది. పూర్తిగా కరిగాక కాసిని నీళ్లు నోట్లో పోసుకుని పళ్లూ చిగుళ్లూ తగిలేలా మెల్లగా తిప్పి మింగాలి. వెంటనే బ్రష్ చేయకూడదు, కనీసం గంట ఆగాలి. మందు వల్ల పంటి పైపొర మెత్తబడి ఉన్నప్పుడు రుద్దితే అరిగిపోతుంది. దంత వైద్యుడికి ఈ మందు వాడుతున్నానని చెప్పి ఏడాదికోసారైనా చూపించుకోవాలి. చెప్పడానికి సిగ్గుపడి పళ్లు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

లివర్ విషయం పళ్లంత పెద్దది కాదు. కొందరిలో ఎంజైములు పెరుగుతాయి. ఇంజెక్షన్లు వాడిన చరిత్ర ఉంది కాబట్టి మీ ఆయనకు హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షలు చేశారా అన్నది అడగండి. లివర్‌కు అసలు ముప్పు తరచూ ఆ వైరస్‌ల నుంచే ఉంటుంది. హెపటైటిస్ సి ఇప్పుడు మాత్రలతో నయమైపోతుంది. మలబద్ధకం, చెమటలు, తలనొప్పి మామూలే. మొదటి రోజుల్లోనూ డోసు మార్చిన రోజుల్లోనూ మగతగా ఉంటే బండి నడపకూడదు. ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే ముందే డాక్టర్లకు చెప్పాలి. చాలాసార్లు ఈ మాత్ర ఆపకుండానే నొప్పికి వేరే ఏర్పాట్లు చేస్తారు.

నిద్రమాత్ర సంగతిలాగే మీ ఇంట్లో తొందరగా చేయాల్సిన ఇంకో పని మూడేళ్ల పాప కోసం. ఒక్క మాత్ర చాలు, పసిబిడ్డ ఊపిరి ఆగిపోవడానికి. పెద్దవాళ్లకున్న హద్దు పిల్లల విషయంలో నమ్మదగింది కాదు. షర్టు జేబులో, మంచం పక్కన బల్ల మీద, మీ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టే అలవాటుంటే ఈరోజే మార్చండి. తాళం వేసే పెట్టెలో పెట్టి, ఏ రోజు మాత్ర ఆ రోజే తీయాలి. సగం కరిగిన ముక్క ఉమ్మేసినా బిడ్డకు అందేచోట వదలకూడదు. పాప నోట్లో పెట్టుకుందని అనుమానం వచ్చినా సరే, బాగానే ఉంది కదా అని ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభావం గంటల తర్వాత కూడా కనిపించవచ్చు.

బావగారు చెప్పిన ‘మత్తు లేని ఇంజెక్షన్’ నాల్ట్రెక్సోన్ అయి ఉంటుంది. అది మంచి మందే, చాలామందికి పనికొచ్చింది. ఓపియాయిడ్ కాదు, గ్రాహకాలను మూసేస్తుందంతే. మాత్ర రోజూ వేసుకోవాలి, ఇంజెక్షన్ నెలకోసారి. మాత్ర సులభంగా మానేయొచ్చు కాబట్టి దానితో ఫలితాలు అంత బాగా లేవు, ఇంజెక్షన్ నయం. అసలు అడ్డంకి మొదలుపెట్టడంలో ఉంది. ఏ ఓపియాయిడూ లేకుండా ఏడు నుంచి పది రోజులు గడిచాకే వేయాలి. బ్యూప్రెనార్ఫిన్ వాడుతున్నవాళ్లు ఇంకా ఎక్కువే ఆగాల్సి రావచ్చు. అంటే మీ ఆయన ఇప్పుడు నిలకడగా ఉన్న మందు ఆపి, వారానికి పైగా ఏ అండా లేకుండా గడపాలి. ఆయన రెండుసార్లు జారిపడ్డది సరిగ్గా అలాంటి రోజుల్లోనే. ఈ రెండు మందుల్నీ పోల్చి 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయిన అమెరికా అధ్యయనంలో నాల్ట్రెక్సోన్ గుంపులో నూటికి 28 మంది మొదటి ఇంజెక్షన్ దాకా రాలేకపోయారు. బ్యూప్రెనార్ఫిన్ గుంపులో అది ఆరే. మొదలుపెట్టగలిగినవాళ్లలో రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. ఇంకో సంగతి, ఇంజెక్షన్ ప్రభావం తగ్గాక ఓర్చుకునే శక్తి ఉండదు. అప్పుడు పాత డోసు తీసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. కుదురుగా ఉన్న మనిషిని దీనికి మార్చమని నేనైతే చెప్పను. ఆయనే అడిగితే డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవచ్చు.

తెలియకుండా ఆహారంలో కలిపే ‘మాన్పించే పొడులు’ మాత్రం ఎవరు తెచ్చినా ఇంట్లోకి రానివ్వకండి. అందులో నాల్ట్రెక్సోన్ లాంటిదేదైనా ఉంటే, బ్యూప్రెనార్ఫిన్ వాడుతున్న మనిషికి అప్పటికప్పుడు తీవ్రమైన విత్‌డ్రాయల్ వస్తుంది, వాంతులు విరేచనాలతో ఆసుపత్రి పాలవుతారు. మళ్లీ ఇంట్లో ఎవరు ఏం పెట్టినా నమ్మరు.

మెథడోన్ గురించి మీరు అడగలేదు, అయినా ఇది చదివే మరొకరికి పనికొస్తుందని రెండు ముక్కలు. బ్యూప్రెనార్ఫిన్ సరిపోక మాటిమాటికీ చికిత్స మానేసేవాళ్లను పట్టి ఉంచడంలో మెథడోన్ ముందుంటుంది. న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే వైద్యులు 1960ల మధ్యలో దీన్ని ఈ చికిత్సలోకి తెచ్చారు. దీనికి ఊపిరి విషయంలో ఆ హద్దు లేదు. ఒంట్లో నెమ్మదిగా పేరుకుంటుంది, అందుకని మొదటి రోజు బాగానే ఉన్న డోసు నాలుగో రోజు ఎక్కువైపోవచ్చు. మొదటి కొన్ని వారాలు ప్రమాదకరం అనేది అందుకే. గుండె లయ మీద ప్రభావం ఉంటుంది కాబట్టి ఈసీజీ కూడా తీయిస్తారు. సాధారణంగా రోజూ కేంద్రానికి వెళ్లి సిబ్బంది ఎదురుగా తాగాలి.

ఎన్నాళ్లు అన్నదానికి మీరు ఆశించే జవాబు నా దగ్గర లేదు. గడువు పెట్టవద్దనే చెప్తాను. నొప్పి మాత్రలకు అలవాటుపడ్డవాళ్ల మీదే, అంటే మీ ఆయన లాంటివాళ్ల మీదే, అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం 2011లో వెలువడింది. పన్నెండు వారాలు బ్యూప్రెనార్ఫిన్ ఇచ్చినప్పుడు సుమారు సగంమంది బాగా నిలబడ్డారు. తగ్గించి ఆపేసిన ఎనిమిది వారాలకు చూస్తే అలా నిలబడ్డవాళ్లు నూటికి తొమ్మిది మందికి మించలేదు. కాబట్టి ఆర్నెల్లకు బాగున్నారంటే మందు పనిచేస్తోందనే అర్థం, ఇక అక్కర్లేదని కాదు. కొందరు రెండు మూడేళ్లకు మానగలుగుతారు, కొందరు చాలా ఏళ్లు వాడతారు, జీవితాంతం వాడేవాళ్లూ ఉన్నారు. వైద్యపరంగా అందులో తప్పేమీ లేదు.

మానాలనే ఆలోచన ఆయన నోటి నుంచి రావాలి, మీ నోటి నుంచీ బావగారి నోటి నుంచీ కాదు. అప్పుడు కూడా నిద్ర, ఉద్యోగం, నొప్పి, ఇంట్లో వాతావరణం కుదుటపడి ఉన్న కాలం చూసుకోవాలి. తగ్గించడం నెలల తరబడి సాగాలి. పెద్ద డోసు నుంచి చిన్న డోసుకు రావడం సులువు, చివరి రెండు మిల్లీగ్రాములు దాటడమే కష్టమని చాలామంది రోగులు చెప్తారు. మధ్యలో కోరిక మొదలైతే మళ్లీ వెనక్కి పెంచుకోవచ్చు. అది ఓటమి అని ఇంట్లో ఎవరూ అనకుండా చూసే బాధ్యత మీది.

ఇంట్లో నాలోక్సోన్ స్ప్రే గానీ ఇంజెక్షన్ గానీ ఉంచుకునే వీలుందేమో డాక్టరును అడగండి. ఓవర్‌డోసు ఎలా ఉంటుందో మీరు ఒకసారి చూశారు. పిలిచినా గిల్లినా పలకరు, పెదాలు గోళ్లు నీలంగా మారతాయి, గొంతులో గురక లాంటి గుళగుళ చప్పుడు, కంటిపాప సూదిమొనంత. గురకపెట్టి నిద్రపోతున్నారు కదా అని వదిలేసిన ఇళ్లున్నాయి. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేసి, నాలోక్సోన్ ఇచ్చి, ఊపిరి ఆడకపోతే నోటి ద్వారా ఊపిరి అందించాలి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నాలోక్సోన్ ప్రభావం అరగంట నుంచి గంటన్నర వరకే, అది దిగాక మళ్లీ మునిగిపోవచ్చు. అందుకని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

రెండో బిడ్డ గురించి తప్పకుండా ఆలోచించండి. ఏళ్ల తరబడి ఓపియాయిడ్లు వాడిన మగవాళ్లలో టెస్టోస్టెరాన్ తగ్గడం, ఆసక్తి తగ్గడం ఉంటుంది. మెథడోన్‌తో పోలిస్తే బ్యూప్రెనార్ఫిన్‌తో అది తక్కువ. కొన్ని నెలలు ప్రయత్నించినా కలగకపోతే ఇద్దరూ పరీక్షలు చేయించుకోండి, ఆయనకు హార్మోన్ పరీక్ష కూడా చేయిస్తే సరి. బిడ్డ కోసమని ఆయన మాత్ర ఆపే పని లేదు. ఇది చదివేవాళ్లలో ఈ మందు వాడుతున్న ఆడవాళ్లుంటే వాళ్లకో మాట: గర్భం అని తెలియగానే భయపడి ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే మళ్లీ పాత మందుకు జారే ప్రమాదం, దానితో బిడ్డకు ముప్పు. గర్భంలో మెథడోన్ లేదా బ్యూప్రెనార్ఫిన్ కొనసాగించమనే వైద్య మార్గదర్శకాలు చెప్తాయి. పుట్టిన బిడ్డకు కొన్ని రోజులు విత్‌డ్రాయల్ లక్షణాలు రావచ్చు, దానికి వైద్యం ఉంది. ఇంకే ఇబ్బందీ లేకపోతే పాలు కూడా ఇవ్వొచ్చు.

బావగారితో మీరు ఒంటరిగా వాదించకండి. తమ్ముడు ఐసీయూలో ఉన్న రోజులు ఆయన కూడా చూశారు. కోపంగా మాట్లాడుతున్నారంటే లోపల భయం ఉండే ఉంటుంది. మీ ఆయన సరేనంటే ఈసారి డాక్టరు దగ్గరికి బావగారిని కూడా తీసుకెళ్లండి. అడగాలనుకున్నవన్నీ ఆయన్నే అడగనివ్వండి. మీకు వీలుకాని నెలల్లో ఆస్పత్రికి తోడు వెళ్లే పని ఆయనకు అప్పగించండి. కళ్లు చూసి ‘మళ్లీ వేసుకున్నావా’ అని అడిగే పని మాత్రం ఎవరికీ వద్దు, దానికి క్లినిక్‌లో మూత్ర పరీక్ష ఉంది.